నాలుక కింద చుక్కలు

అండాలుకు ఊపిరాడటం లేదని హాలియా నుంచి కబురొచ్చింది. పక్కింటావిడ ఎస్టీడీ బూత్‌ నుంచి కట్టంగూరు సర్పంచ్‌ ఇంటికి ఫోన్‌ చేసి చెప్పింది. బీరన్న దొరికిన బస్సెక్కి వెళ్లి, కూతుర్ని అటునుంచి అటే హైదరాబాద్‌ దవాఖానకు తీసుకుపోయాడు. కొన్నాళ్లు అక్కడే ఉండి, ఇద్దరూ ఒక చిన్న సీసాతో తిరిగొచ్చారు.

అల్లుడిది రైస్‌ మిల్లు పక్క ఇల్లు. ఆ ఊక దుమ్ము పిల్లకు పడటం లేదని బీరన్న భార్య రామమ్మకు చెప్పాడు. ఎలర్జీకి సూదులుంటాయి గానీ, వాటి బదులు నాలుక కింద వేసుకునే చుక్కలు కొత్తగా వచ్చాయట. మూడేళ్లు వాడాలట. అన్నాళ్లూ ఆ దుమ్ముకు దూరంగా ఉండాలట.

"పెండ్లయిన పిల్ల మూడేండ్లు తల్లిగారింట్ల ఉంటదా? నలుగురు ఏమంటరు?" అంది రామమ్మ.

బీరన్న పొద్దున్నే కూతుర్ని అరుగు మీద కూర్చోబెట్టి తనే చుక్కలు వేశాడు. అవి ఇంకేదాకా మాట్లాడొద్దన్నాడు. అండాలు మాట్లాడలేదు. ఇంకిన తర్వాత కూడా మాట్లాడలేదు.

దసరా ముందు అల్లుడు గాలయ్య పెద్దమనుషులను వెంటబెట్టుకుని వచ్చాడు. అండాలు లేక ఇల్లు చిన్నబోయిందని మర్యాదగా చెప్పాడు. హాలియాలో కాంపౌండర్‌ ఉన్నాడు, వారం వారం సూది వేయిస్తానన్నాడు. సూది వద్దంటే ఆ సీసానే ఇచ్చి పంపమన్నాడు.

"చుక్కలే గద మామా. దగ్గరుండి నేనే ఏస్త."

లోపలి గదిలో అండాలుకు ఆయాసం మొదలైంది. రామమ్మ వీపు నిమురుతూ బెదిరిపోయింది. మిల్లు విడిచి ఇన్నాళ్లయినా ఇదెందుకు వచ్చిందో ఆమెకు అంతుపట్టలేదు.

"ఇనవడ్తాంది గద," అన్నాడు బీరన్న పెద్దమనుషులతో. "ఇంక తగ్గలే. తగ్గేదాక పంప."

రోగానికి ఎవరేం చేస్తారని పెద్దమనుషులు లేచారు. గాలయ్య గుమ్మం దగ్గర ఆగి, లోపలికి చాలాసేపు చూసి వెళ్లాడు.

వాళ్లటు పోగానే రామమ్మ మొగుడి మీద విరుచుకుపడింది. ఇంత ఓపిక గల అల్లుడు ఎవరికి దొరుకుతాడంది. మిల్లుకు దూరంగా ఇల్లు కిరాయికి తీసుకోమంటే తీసుకోడా అని అడిగింది. కూతురి కాపురం నువ్వే కూలుస్తున్నావని ఏడ్చింది. బీరన్న తల వంచుకుని అన్నీ పడ్డాడు.

హైదరాబాద్‌లో డాక్టరమ్మ ఏ ఎలర్జీ లేదని తేల్చి, కూతురి మెడ మీద కమిలిన వేళ్ల గుర్తులు చూపించిన నాడే బీరన్న ఆ సీసాలో మంచినీళ్లు నింపాడు.