గోడ మీద కొంరవ్వ

మిల్లు కాలనీ గోడల మీద మనుషుల్ని గుర్తుపట్టి, కదిలి మాట్లాడే బొమ్మలు వేశాక పట్నం నుంచి జనం రావడం మొదలైంది. ఏళ్లుగా మూతపడ్డ దుకాణాల షట్టర్లు లేచాయి. మూడో గోడ మీద ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ కూర్చున్నది ఓదెలు భార్య కొంరవ్వ. ఆమె చనిపోయి ఆరేళ్లయింది. బొమ్మ మాత్రం వచ్చినవాళ్లందరినీ పలకరిస్తుంది.

ఓదెలు మొదటిసారి ముందుకు రాగానే బొమ్మ తలెత్తింది.

"ఓదెలూ, బువ్వ తిన్నవా?"

జనం చప్పట్లు కొట్టారు.

"ఏందే అన్నా, వదిన పిలుస్తంటే సిగ్గైతందా?" అన్నాడు పాన్‌డబ్బా సమ్మయ్య.

ఓదెలు తలదించుకుని వెళ్లిపోయాడు. ఆమెను చూడాలని ఉన్నా నెల రోజులు ఆ వీధికి రాలేదు. చివరికి బొమ్మ వేసిన నౌషీన్ అతని ఇంటికే వచ్చింది.

"ఏమైంది తాతా? గొంతు కలవలేదా?"

"గొంతు ఆమెదే బిడ్డా. పేరు పెట్టి పిలుస్తంది."

"ఆ పేరు కాగితంల మీరే రాసిచ్చిండ్రు గదా!"

"పేరు రాయమన్నవ్, రాసిన. నలభై ఏండ్లల్ల ఆమె నా పేరు తియ్యలే. రేషన్ కార్డు కాడ సుత పక్కింటామెతోని చెప్పించింది."

"మరి ఏమని పిలుస్తుండె?"



"పిలవకపోతుండె. నేనొస్తే మాట ఆపేది, అంతే."

మరునాడే నౌషీన్ బొమ్మను మార్చింది. ఇప్పుడు ఓదెలు రాగానే కొంరవ్వ మాట ఆపి, కొంగు సర్దుకుని, చాటలోకి చూస్తుంది. గోడ చెడిపోయిందనుకుని జనం పక్క గోడకు జరుగుతారు. ఓదెలు ఒక్కడే ఆమె ముందు నిలబడి ఉంటాడు.