పద్నాలుగో నంబరు

పదకొండో రోజు మధ్యాహ్నం మెకానిక్ వచ్చాడు. గేటు తీసే ఉంది. అయినా బయటే నిలబడి బెల్లు కొట్టాడు. అంత మర్యాద ఎక్కణ్ణుంచి వచ్చిందో మరి!

ఇంటావిడ తలుపు తీసింది. చూసింది. ఒక్క మాటైనా అనకుండా లోపలికి వెళ్ళిపోయింది.

బావి పెరట్లో ఉంది. మోటారు గుర్రుమని తిరుగుతుంది గానీ చుక్క నీరు ఎక్కదు. పదకొండు రోజులుగా వంటకీ, స్నానాలకీ, బట్టలకీ పక్కింటి బామ్మగారి కుళాయే దిక్కు. బిందెలు మోసి మోసి ఇంటావిడ నడుము పట్టేసింది.

చెప్పక కాదు. ఈ మెకానిక్‌గారికో పద్ధతుంది. దుకాణంలో ఒక నోటుపుస్తకం పెట్టాడు. ఎంతటివాళ్ళయినా అందులో పేరు రాయించుకోవాల్సిందే. వరస తప్పి ఎవరింటికీ వెళ్ళడు. సిఫార్సులు చెల్లవు, మొహమాటాల్లేవు. ఇంటావిడ మొదట నోటిమాటగా చెప్పి చూసింది. “రేపు” అన్నాడు. ఐదు రోజుల్లో ఐదు రేపులు విన్నాక ఆవిడకి ఒళ్ళు మండింది. చెప్పులేసుకుని దుకాణానికి వెళ్ళి, అందరిలాగే పేరు రాయించుకుని వచ్చింది. పద్నాలుగో నంబరు. ఆ రోజు నుంచీ అతనితో మాట మానేసింది.

ఇప్పుడు ఏం చెప్పాలన్నా పిట్టగోడ మీదుగా బామ్మగారికి చెబుతోంది. పెరడు పట్టుమని పది అడుగులు లేదు. అందరికీ అన్నీ వినబడుతూనే ఉన్నాయి.

“బామ్మగారూ, మెకానిక్‌గారికి చెప్పండి. సాయంత్రం పాప బడి నుంచి వచ్చేసరికి కుళాయిలో నీళ్ళు రావాలి. రాలేదో, దాన్ని తీసుకుని మా అక్కయ్య ఇంటికి వెళ్ళిపోతాను. సంచీ సర్దేశాను.”

“విన్నావా నాయనా?” అంది బామ్మగారు, గోడ మీద మోచేతులు ఆనించుకుంటూ. ఇలాంటి మధ్యాహ్నం ఆవిడకి మళ్ళీ ఎప్పుడు దొరుకుతుంది!

“విన్నానండీ.” మెకానిక్ మొహంలో నెత్తురుచుక్క లేదు. “సంచీ విప్పెయ్యమనండి. గంటలో నీళ్ళొస్తాయి.”

“ఆయన గంటంటే ఎన్ని రోజులో కనుక్కోండి.”

బామ్మగారు కనుక్కోలేదు. నవ్వాపుకోవడంతోనే సరిపోయింది.

అతను మోటారు మూత విప్పి, బామ్మగారింటి నీళ్ళే మూడు బకెట్లు పోసి స్విచ్చి వేశాడు. కుళాయి నాలుగు గుక్కలు కక్కి ఊరుకుంది. పోసిన నీళ్ళు పోసినట్టే బావిలోకి జారిపోతున్నాయి. అంటే గొట్టం అడుగున ఉండే ఫుట్‌వాల్వు మూసుకోవడం లేదన్నమాట. మోటారుది ఏ పాపమూ లేదు.

ముప్పై అడుగుల గొట్టం. ఒక్కడే లాగాడు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. చివరికి నాచు పట్టిన వాల్వు పైకొచ్చింది. విప్పి చూస్తే లోపలి తోలుబిళ్ళ పీలికలై ఉంది.

“దీన్ని చూసి ఎన్నాళ్ళయిందండీ? ఇలాగేనా వాడుకునేది?” అన్నాడు, ప్రతి ఇంట్లోనూ అనే అలవాటు కొద్దీ. అన్నాక నాలుక్కరుచుకున్నాడు.

“ఎవరు చూడాలటా?” అంది ఇంటావిడ గోడకేసి తిరిగి.

మెకానిక్ తల దించుకుని వాల్వు మీది నాచు గీకసాగాడు.

“తుడవడానికి పాతగుడ్డేమైనా ఉంటే ఇప్పించండి బామ్మగారూ.”

ఇంటావిడ లోపలికెళ్ళి ఒక మగవాళ్ళ చొక్కా తెచ్చి బావిగట్టు మీద విసిరింది. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఇది బాగానే ఉంది కదండీ!”

“తొడుక్కునే మనిషి ఇంటిపట్టున ఉంటే కదా!”

“వాళ్ళాయనకి ఊళ్ళో పనులెక్కువలే నాయనా” అని సర్దిచెప్పింది బామ్మగారు.

“పాపం, ఏ పనిలో ఇరుక్కున్నాడో” అన్నాడు మెకానిక్ మెల్లిగా.

“పాపమట!”

అతను ఆ చొక్కాతోనే వాల్వు తుడిచాడు. రబ్బరు ముక్క గుండ్రంగా కోసి, లోపల బిగించి, మరలకి టేపు చుట్టి, గొట్టం మళ్ళీ బావిలోకి దించాడు. మళ్ళీ బకెట్లు, మళ్ళీ స్విచ్చి. మోటారు గుర్రుమంది. గొట్టం వణికింది. నీళ్ళు లేవు.

వీధి చివర బడి గంట వినిపించింది.

ఇంటావిడ సంచీ తెచ్చి గుమ్మంలో పెట్టింది. మెకానిక్ గబగబా వంగి, గొట్టం అతుకు దగ్గర వేలు పెట్టి చూశాడు. సన్నగా గాలి పీలుస్తోంది. తిట్టుకుంటూ పానా తీసుకుని ఇంకో రెండు చుట్లు బిగించాడు.

కుళాయి దగ్గింది. ఎర్రగా తుప్పునీళ్ళు కక్కింది. తర్వాత ధారకట్టి తెల్లగా పడ్డాయి. ఇంటావిడ రెండు చేతులూ దాని కింద పెట్టి అలాగే నిలబడిపోయింది. పదకొండు రోజుల కోపం ఎటు పోయిందో ఆవిడకే తెలియలేదు. కళ్ళు తుడుచుకుంటే మొహమంతా తడిసింది. అతనికైతే ప్రాణం లేచొచ్చినట్టయింది.

మెకానిక్ సామాన్లు సర్దుకుని లేచాడు.

“బామ్మగారూ, ఇంకో రెండిళ్ళున్నాయి, వెళ్ళొస్తానని చెప్పండి.”

తలెత్తి చూస్తే గోడ దగ్గర ఎవరూ లేరు. ఎప్పుడు జారుకుందో మహాతల్లి. పెరట్లో మిగిలింది వాళ్ళిద్దరే.

చివరికి ఇంటావిడే అతని వైపు తిరిగి నోరు విప్పింది. “ఆ రెండిళ్ళూ ఎక్కడికీ పోవు గానీ స్నానం చేసి రండి, ఇవాళైనా మీ కూతురు వాళ్ళ నాన్న పక్కన కూర్చుని అన్నం తింటుంది.”