గ్యాస్ నొప్పి

డాక్టర్ లోవరాజు గారు మౌలాలిలో క్లినిక్ మూసేసి రేడియోకి వచ్చారు. "ఇక్కడైతే పేషెంటు మన కళ్ళముందు పోడమ్మా" అని జోకేసేవారు. నేను మాత్రం నవ్వేదాన్ని కాదు. తిరుమలగిరి స్టూడియోలో రాత్రి షోకి కాల్స్ కలపడం నా పని. బీటెక్ చదివింది ఇందుకే మరి.

ఆ రాత్రి చివరి కాలర్ ఓ పెద్దాయన. పేరడిగితే, డాక్టర్ సాబ్‌కు ఎరికేనన్నాడు.

"ఛాతీల నొప్పి ఇంక తగ్గలే సార్. గ్యాసని గోలీలిచ్చి పంపిన్రు గదా, మౌలాలిల?"

డాక్టర్ గారి ముఖం పాలిపోయింది. "ఫోను ఛాతీ మీద పెట్టండి" అన్నారు. మొదటి షోలో తన గుండె చప్పుడే ఈ మైకులో వినిపించి జనానికి నేర్పిన ట్రిక్కు అది.

హెడ్‌ఫోన్స్‌లో చొక్కా రాపిడి వినబడింది. ఆ వెనక ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. ఇరవై సెకన్లు లెక్కపెట్టాను. ఇంకేమీ లేదు.

"ఏందీ సార్, గ్యాసేనా?"

"బ్రహ్మచారి గారూ..." అన్నారు డాక్టర్. "మీరు ఆ గోలీలు తీసుకెళ్ళిన రాత్రే పోయారు కదండీ..."

"పరేషాన్ గాకుండ్రి. జెర మీ ఛాతీ మీద సుత పెట్టుండ్రి, నేను వింట."

డాక్టర్ గారు మైకుని ఛాతీకి ఆనించుకున్నారు. నా స్క్రీన్ మీద మైకు శబ్దాన్ని చూపించే పచ్చగీత ఒకసారి కదిలి, నేలబారుగా పడుకుంది. చాలాసేపు అలాగే ఉంది.

ఆయన మా గదుల మధ్యనున్న అద్దంలోంచి నా వైపు చూశారు.

"దేవీ, మైకు పని చేస్తోంది కదమ్మా?"

ఆ మాటకి గీత ఎగిరి గంతేసింది.