రెండు మాటలకూ తేడా

“నిన్న సీరియస్ అన్నారు. పొద్దున్న క్రిటికల్ అన్నారు. రెండింటికీ తేడా ఏటి బాబూ?”

చోడవరం ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చున్న సన్యాసమ్మ మరిదిని అడిగింది. చెరుకు తోటలో కుప్పకూలిన ఆమె భర్త సత్యారావు నిన్నటి నుంచి లోపల ఐసీయూలో ఉన్నాడు.

మరిది ఉదయ్‌కుమార్ బుచ్చయ్యపేట బడిలో ఇంగ్లీషు మేస్టారు. చేతిలోని ఇడ్లీ పొట్లం విప్పి ఆమె ఒళ్ళో పెట్టాడు.

“సెరుకు బండి బురదలో దిగబడిపోయిందనుకో వదినా. అది సీరియస్. గట్టు అంచున ఒక చక్రం గాల్లో ఉందనుకో. అది క్రిటికల్.”

“అయితే యెనక్కి లాగొచ్చన్నమాట.”

“అలా లాగిన బళ్ళు శానా ఉన్నాయి. నువ్వు తిను.”

“తిన్ను. ఆయన కళ్ళు తెరిసేదాకా మెతుకు ముట్టనని ఇనాయకుడికి మొక్కేను.”

“సుగరున్న మనిషివి. ఇలా కటిక ఉపాసం ఉండమని దేముడు అడిగేడేటి?”

“అడగలేదు. నానే ఇచ్చేను.”

అతని జేబులో ఫోను మోగింది. చూసి ఆపేశాడు.

“ఎవరు?”

“ఊరోళ్ళు. ఎలా ఉందని అడగడానికే.”

ఇడ్లీ తుంపి, చట్నీలో ముంచి, ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని పట్టుకునే కూర్చుంది.

“నాను తినేసేక ఆయనకేటైనా అయితే?”

“నువ్వు తిన్నందువల్ల అన్నకేటీ అవదు వదినా. ఒట్టేసి సెప్తన్నాను.”

ఆమె అతని ముఖంలోకి చూసింది. పిల్లలకు చదువు చెప్పే మనిషి ఒట్టు తప్పుతాడా అనుకుంది కాబోలు. కళ్ళు మూసుకుని రెండు లెంపలూ వేసుకుంది. ముక్క నోట్లో పెట్టుకుంది.

“నెమ్మదిగా తిను.”

“బళ్ళో పిల్లగుంటలకి సెప్పినట్టు సెప్తన్నావు. నువ్వు తిన్నావేటి?”

“తినేసేను.”

రెండో ఇడ్లీ దగ్గర మళ్ళీ ఆగింది.

“సీరియస్ కన్నా క్రిటికలే పెద్దదా?”

“పెద్దదే. కానీ క్రిటికల్ అన్నంతసేపూ మనిషి ఉన్నట్టే.”

“ఉంటే సాలు బాబూ. మంచం మీదున్నా సాలు.”

ఉదయ్‌కుమార్ తల తిప్పుకున్నాడు. నాలుగు ఇడ్లీలూ అయ్యేదాకా గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. తర్వాత సీసాతో ఆమె చేతి మీద నీళ్ళు పోశాడు.

చావు కబురు చెవిన పడితే, సాగనంపేదాకా వదిన గుక్కెడు నీళ్ళు కూడా ముట్టదని తెలిసినవాడు కనుక, అన్న పోయాడని గంట క్రితమే డాక్టరు లోపలికి పిలిచి చెప్పిన మాటను ఆమె చెయ్యి కడుక్కున్నాక గానీ బయటపెట్టలేదు.