మోచేతి ఎముక

"నా కొడుకుకు పద్దెనిమిది నిండినయ్. కొండగట్టు అంజన్న మీద ఒట్టు."

డాక్టర్ ప్రమోదిని ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుతురుకు పెట్టింది. "అబద్ధమాడకు యాదవ్వా. ఇగో, మోచేతి కాడ ఎముక కొన ఇంకా అతుకలే. నడుమ గీ నల్లగీత మెత్తటి పొర. అండ్ల కణాలు ఇంకా ఎముకను పెంచుతనే ఉన్నయ్, సున్నం పట్టి గట్టిపడలే. వానికి పదహారు సుత లేవు."

"ఉన్నయని రాయి."

బయట జీపులో పిల్లవాడు బేడీలతో కూర్చున్నాడు. అడవిలో అన్నలకు అన్నం మోశాడని కేసు. వయసు తేల్చమని కోర్టు పంపింది.

"పోలీసులు బెదిరించిన్రా?" ప్రమోదిని గొంతు పెంచింది. "కన్నతల్లివై కొడుకును జైలుకు తోలుతవా? చిన్నోడని రాస్తే ఇయ్యాల్నే నీ చేతికి అప్పజెప్తరు గదా!"

యాదవ్వ బల్ల మీద అరచేత్తో చరిచింది.

"నా పెద్దోన్ని గట్లనే అప్పజెప్పిన్రు! ఇంటికి తోల్కపోతుంటే పోలీసోల్లే బస్సాపి దించుకపోయిన్రు. తెల్లారి ఎన్‌కౌంటరన్నరు. జైల్లనైతే పొద్దుమాపు పేరు పిలుస్తరు, మనిషి లేకపోతే జవాబు చెప్పాలె. నా ఇంట్ల ఉంటే ఎవనికి జవాబు చెప్తరమ్మా?"

ప్రమోదిని ఫిల్మును మళ్లీ చూసింది. ఎంతసేపు చూసినా గీత గీతలాగే ఉంది.

కుర్చీ లాక్కుని, కాగితం చిరిగేంత గట్టిగా నొక్కి, ఎముకలు పూర్తిగా అతుక్కున్నాయని రాసింది.