రంగు మాసిన చేప

"ఆ రంగు మాసినదాన్ని తీసి మూల తొట్టిలో వేసెయ్," అన్నాడు అన్న.

మూల తొట్టిలో ఉన్నది వేటచేప. దుకాణంలో పనికిరాని రంగుచేపలన్నీ దానికే మేత. తమ్ముడు వల పట్టుకుని నిలబడిపోయాడు. పెదనాన్న కొడుకే అయినా తనను ఏరికోరి పిలిపించుకుని, ఇంట్లో గది, ఇక్కడ పని ఇచ్చిన అన్నకి ఎదురు చెప్పింది ఎన్నడూ లేదు.

"పాపం, కుక్కిన పేనులా పడుంటుంది కదన్నయ్యా."

"అందుకేరా." అన్న ఎదురుగా ఉన్న తొట్టి అద్దం మీద వేలు పెట్టాడు. లోపల నీలంగా మెరిసే మగచేప రొమ్ము విరుచుకు తిరుగుతోంది. "తొట్టికి దొర వీడు. ఆడవన్నీ వీడి చుట్టూనే. ఇదీ మగదే, కానీ రంగూ లేదు, పౌరుషమూ లేదు. అచ్చం నీలాగే."

కొనడానికి వచ్చినవాళ్లు పగలబడి నవ్వారు. తమ్ముడూ తల వంచుకుని నవ్వాడు. అతని నవ్వు వేరు. దొరగారు పక్క చేపల్ని తరిమే సందట్లో, ఈ మాసినది ఆడదానిలా నక్కి గుడ్ల దగ్గరికి దూరడం అతను ఎన్నోసార్లు చూశాడు. అన్న కంట పడనివి ఇంట్లోనూ ఉన్నాయి. ఉయ్యాలలో అన్నావదినల బాబుని చూసి అందరూ తండ్రి పోలికే అంటుంటే, ఆ మాట అతనికి ఎంత తియ్యగా ఉండేదో.

వచ్చినవాళ్లు వెళ్లిపోయారు. అన్న గొంతు తగ్గించాడు.

"గుడ్ల దగ్గరికి దొంగచాటుగా దూరేది ఇదేనని నాకు తెలీదనుకున్నావా?"

తమ్ముడు తలెత్తి చూశాడు. "తెలిసీ... ఎందుకు ఉంచావు?"

"వీడు పైకే దొర. వీడి వల్ల ఒక్క గుడ్డూ పిల్ల కాలేదు. ఇదీ వీడి వంశమే. పోలిక తప్పకూడదని నేనే తెచ్చి వేశాను. పిల్లలు పుట్టాయి. ఇంక దీంతో పనేముంది?"

వల లాక్కుని చేపను ఎత్తి మూల తొట్టిలో వదిలాడు. నీళ్లు ఒక్కసారి చిమ్మాయి, అంతే.

అన్న తీరిగ్గా చేతులు తుడుచుకున్నాడు.

"మీ వదిన నీ సామాను సర్ది గుమ్మం బయట పెట్టింది. బాబు నిద్ర లేవకముందే వెళ్లిపొమ్మంది."