బండి వచ్చింది, తాళమేది?

"బండి వచ్చినాదా లేదా? ముందు అది చెప్పు," అన్నాడు నగరేశ్వరరావు.

"వచ్చినాది బాబూ," అన్నాడు డ్రైవరు విల్‌ఫ్రెడ్.

"తాళం లేకుండా బండి కదల్దు. న్యూ సెటిల్‌మెంట్ గుడి నుంచి ఖరిదాలో మన షాపు దాకా బండి వచ్చినాదంటే తాళమూ వచ్చినట్టే. మరి ఏటైపోయినాది?"

నగరేశ్వరరావు బట్టల షాపు ముందు తెల్లకారు నిన్న మధ్యాహ్నం నుంచి మొరాయించిన ఎద్దులా నిలబడి ఉంది. అది బటన్ నొక్కితే స్టార్టయ్యే బండి. తాళమంటే జేబులో పట్టే నల్లటి రిమోటు. అది దగ్గర లేకపోతే బటన్ ఎన్నిసార్లు నొక్కినా బండి ఉలకదు, పలకదు. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది కాబట్టి రెండో తాళం మొదటి ఓనరు దగ్గరే ఎప్పుడో పోయింది.

షోరూమ్‌కి ఫోన్ చేస్తే అక్కడి బెంగాలీ దాదా తాపీగా లిస్టు చదివాడు. పోలీసు ఠాణాలో ఫిర్యాదు డైరీ రాయించాలి. ఆర్‌సీ, ఆధార్ తేవాలి. బండిని లారీ మీద ఎక్కించి పంపాలి. కొత్త తాళానికి మూడు వారాలు. ఉన్న ఒక్క తాళమూ పోయింది గనక లాకులన్నీ మార్చాలి. మొత్తం నలభై రెండు వేలు. అరచేతిలో పట్టే ముక్క కోసం ఆస్తి రాసిమ్మన్నట్టుంది.

నగరేశ్వరరావు టీ గుక్కెడు తాగి మొహం చిట్లించాడు. నాలుక మండింది. నిన్న గుడి కమిటీ మీటింగు మధ్యలో లేచి వస్తుంటే ఎండకి కళ్లు తిరిగాయి. కళ్లు తెరిచేసరికి వెనక సీట్లో ఒరిగి ఉన్నాడు, బండి షాపు ముందుంది. నాలుక ఎప్పుడు కొరుక్కున్నాడో ఏమో. మనిషి కాసేపు కునుకు తీస్తే ఇంత నష్టమా అని ఒళ్లు మండిపోయింది.

"నాకు తెలుసు. జెనీని షాపులోంచి తీసేసినానని కడుపులో పెట్టుకున్నావు."

"లేదు బాబూ."

"ఫిట్స్ మనిషిని కౌంటర్లో నిలబెడితే చీరలు కొనే ఆడోళ్లు జడిసిపోరా? నీ కూతురు కదా అని మొదటిసారి ఊరుకున్నాను. రెండోసారి పంపించేసినాను. అది నా తప్పా?"

గుమాస్తాలు చీరలు మడతపెట్టడం ఆపి విల్‌ఫ్రెడ్ వైపే చూస్తున్నారు.

"సరే, చర్చికి పోయే మనిషివి. తాళం ఎలాగ పోయినాదో నాకు తెల్దు అని బైబిలు మీద చెయ్యేసి చెప్పు. ఇక్కడితో వదిలేస్తాను."

విల్‌ఫ్రెడ్ గుమాస్తాల వైపు ఓసారి చూశాడు.

"ఆ మాట చెప్పలేను బాబూ."

"అంటే తెలుసన్నమాట."

"నా జీతంలో పట్టుకోండి. ఎన్ని నెలలైనా పర్లేదు. ఇంకేటీ అడక్కండి."

పదకొండేళ్లుగా ఒక్క గీత పడకుండా బండి తోలిన మనిషి అన్న సంగతి నగరేశ్వరరావుకి అప్పుడు గుర్తుకు రాలేదు. కోపంలో గుర్తుండేవి నష్టాలే. మళ్లీ ఈ గుమ్మం తొక్కొద్దని పంపేశాడు. అక్కడితో ఆగాడా అంటే అదీ లేదు. ఠాణాలో "తాళం పోయింది" అని రాస్తే సరిపోయేదానికి "దొంగిలించాడు" అని రాశాడు. కింద విల్‌ఫ్రెడ్ పేరూ, ఇంటి అడ్రసూ రాశాడు. మధ్యాహ్నానికి పోలీసు జీపు విల్‌ఫ్రెడ్‌ని ఎక్కించుకుపోయిందని, జెనీ ఆ జీపు వెనకాల పరిగెత్తిందని గుమాస్తా వచ్చి చెప్పాడు.

"పరిగెత్తనీ," అన్నాడు నగరేశ్వరరావు.

సాయంత్రం లారీతో వచ్చిన మెకానిక్ సంగతంతా విని నవ్వాడు. "ఇంజను ఆన్‌లో ఉంటే తాళం బయట పడిపోయినా బండి నడుస్తుంది దాదా. ఒకసారి ఆపేశాకే మళ్లీ స్టార్ట్ కాదు."

అంటే తాళం గుడి దగ్గరే పడిపోయి ఉండొచ్చని నగరేశ్వరరావుకి తట్టింది. అయినా, ఠాణాలో ఇచ్చేసిన కాగితాన్ని వెనక్కి తీసుకోవడం అతని వంశంలో లేదు. తాళం ఎక్కడ పడినా పారేసింది వాడేగా అని సర్దిచెప్పుకుంటుండగా, న్యూ సెటిల్‌మెంట్ గుడి ఎదుట ఇడ్లీ బండి పెట్టుకునే సింహాచలమ్మ షాపులోకొచ్చింది. కొంగుముడి విప్పి నల్లటి తాళాన్ని బల్ల మీద పెట్టింది. దాని లావుపాటి ఇనప రింగు అలాగే ఉంది.

"ఒంట్లో నిమ్మళించినాదా బాబూ?" అంది.

"నాకేటైనాది? ఇది నీకెక్కడ దొరికినాది?"

"నా బండి కింద. ఇందాక ఊడస్తంటే కనబడినాది. నిన్న తమర్ని మోసుకెళ్లే కంగార్లో జారిపోనాది గావాల."

"నన్ను మొయ్యడం ఏటి?"

సింహాచలమ్మ గుమాస్తాల వైపు చూసి, దగ్గరకొచ్చి గొంతు తగ్గించింది.

"తమరు నేల మీద పడి కాళ్లూ సేతులూ కొట్టుకుంటంటే, సేతిలో ఇనుము పెట్టండి, ఇనుము పెట్టండి అని నేనే అరిసినాను. ఆ డ్రైవరు బాబు కారు ఇంజను ఆపకుండానే పరుగెట్టుకొచ్చి, జేబులో ఈ తాళం తీసి తమరి గుప్పిట్లో పెట్టి మూసినాడు. తరవాత నా రెండు సేతులూ పట్టుకుని, 'ఫిట్స్ అని పేరు పడితే గుమ్మం కూడా ఎక్కనివ్వరు, మా అమ్మాయికి అలాగే జరిగినాది, బాబుకి ఆ గతి పట్టకూడదు, ఎవురికీ సెప్పకమ్మా' అని ఏడ్సినాడు."